ఓడ కింద ఖడ్గమృగం

ఈమధ్య రేవులో డైవర్లుగా చేరిన కుర్రాళ్ళు కొందరు కంచరపాలెంలో మా ఇంటికొచ్చారు. వాళ్ళు తలకి లైటు, నోటికి మైకు, చేతికి కెమెరా తగిలించుకుని నీళ్ళలోకి దిగుతారట. పైనున్నవాళ్ళతో మాట్లాడుకుంటూనే పని చేస్తారట. "మీ రోజుల్లో ఏముండేదండీ?" అని అడిగారు. చీకటి ఉండేది అన్నాను. హాస్యమాడాననుకుని నవ్వేశారు. టీలు తాగి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు నాకు ఒక్క ఓడే గుర్తొస్తూ కూర్చుంది. వాళ్ళకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

డెబ్భైల చివరి మాట ఇది. అప్పటి లోపలి రేవు నీళ్ళు మీరెవరూ చూసి ఉండరు. ఇనుప ఖనిజం ధూళి, ఓడల నూనె, ఊరి మురుగు కలిసి తారులా ఉండేవి. పైన మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తున్నా, కాస్త కిందికి దిగితే చాలు, కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. తలకి రాగి టోపీ బిగించి, ఒంటికి రబ్బరు గుడ్డ తొడిగి, కాళ్ళకి సీసపు అడుగుల బూట్లు కట్టి దింపేవారు. పడవలో ఇద్దరు మనుషులు పంపు తిప్పుతుంటే గొట్టంలోంచి గాలి వచ్చేది. చేతులు మాత్రం బోసిగా ఉండేవి. వేళ్ళతో చూడడం అప్పుడే అలవాటైంది.

నడుముకి ఒక తాడు. దాని రెండో కొస పడవలో బావ చేతిలో ఉండేది. ఆయన్ని రేవులో అందరూ బావ అనే పిలిచేవారు, ఆయనా అందరినీ బావా అనే పిలిచేవాడు. ఒడ్డున జాలరి పేటలో పుట్టిన మనిషి. తాడు చివర చేప కొట్టుకుంటోందో మనిషి కొట్టుకుంటున్నాడో వేళ్ళతో చెప్పగలడు. "నీ పానం నా సేతిలో ఉన్నాది బావా, టీ డబ్బులు నువ్వే ఇయ్యాల" అని రోజూ నవ్వించి దింపేవాడు. తాడు మీద మా భాష చాలా చిన్నది. ఆయన ఒకసారి గట్టిగా లాగితే 'బాగున్నావా?' అని. నేనూ ఒకసారి లాగితే 'బాగున్నాను' అని. ఆపకుండా లాగితే పైకి తీసెయ్యమని.

ఆ ఎండాకాలంలో ఆఫ్రికా తూర్పు తీరం నుంచి ఒక ఓడ ఖాళీగా వచ్చింది. ఇక్కడ ఖనిజం ఎక్కించుకుని ఇంకా తూర్పుకి పోవాలి. లోపలి రేవులో కట్టుకోవడానికి బెర్తు దొరక్క చాలా రోజులు బయట సముద్రంలో లంగరేసుకుని నిలబడింది. అందులో ఆఫీసర్ల గదులు సర్ది, భోజనాలు అందించే పనిలో మన ఊరి మనిషే ఒకడున్నాడు. బావ వీధివాడు. పెళ్ళయి ఏడాది తిరక్కుండా ఓడెక్కాడు. తన ఊరు కళ్ళెదుటే కనిపిస్తున్నా దిగడానికి వీల్లేక రోజూ రెయిలింగు దగ్గర నిలబడేవాడట.

ఓడ లోపలికొచ్చి బెర్తుకి కట్టిన మర్నాడు పొద్దున్న చూస్తే అతను లేడు. రెండో ఆఫీసరు గదిలోంచి ఒక సంచీ కూడా పోయింది. ఆ సంచీలో తన వెండి నాణేలున్నాయని, వాటిని పట్టుకుని కుర్రాడు ఇంటికి పారిపోయాడని ఆ ఆఫీసరు పోలీసులకి రాసిచ్చాడు.

అవి సంతలో చెల్లే డబ్బులు కావు. ఆఫ్రికా దేశాలు కొన్ని తమ అడవి మృగాలు తరిగిపోతున్నాయని, వాటిని కాపాడుకుందామని చెప్పడానికి జ్ఞాపకార్థం వేయించిన నాణేలు. ఒకవైపు ఆ దేశపు పెద్దమనిషి తల, రెండోవైపు ఒక జంతువు. సరదా ఉన్నవాళ్ళు మంచి ధర పెట్టి కొని దాచుకుంటారట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు పేటలో తెలిసిందల్లా పోలీసులు వచ్చారని. ఇంట్లో కుండలు బోర్లించారు, ఒడ్డున పడవలు తిరగేశారు, తండ్రిని స్టేషన్లో కూర్చోబెట్టారు. రెండో రోజుకే ఆ ఇంటిని "వెండి బిళ్ళలోళ్ళ ఇల్లు" అనడం మొదలైంది. కోడలు నీళ్ళకి కూడా బయటికి రావడం మానేసింది.

ఓడని అదే బెర్తు మీద కాస్త ముందుకి జరపాలని ఇంజను తిప్పితే కాస్త తిరిగి పట్టేసింది. ప్రొపెల్లరుకి ఏదో చుట్టుకుందన్నారు. నన్ను దిగమన్నారు. మా పై అధికారి జెట్టీ మీదికొచ్చి, "ప్రొపెల్లరు చూసి రా. ఇంకేవీ నీకక్కర్లేదు. ఓడ ఆగితే నష్టం" అని చెప్పి వెళ్ళాడు.

నేను బూట్లు కట్టించుకుంటుండగా ఒక పెద్దాయన పడవ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బక్కపలచని మనిషి, నడుముకి గోచీ, భుజం మీద తువ్వాలు. బావ లేచి నిలబడ్డాడు. కుర్రాడి తండ్రి అని అప్పుడే అర్థమైంది.

"బాబూ, కిందికి దిగేది నువ్వేనా?"

"నానే పెద్దయ్యా."

ఆయన చుట్టూ చూసి, పడవలోకి దిగి, నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఓడ బయటున్నప్పుడు నాను పడవేసుకుని దాని కిందకెల్లాను. మా వోడు పైనుంచి మాటాడినాడు. ఏటన్నాడో పోలీసోళ్ళకి సెప్పనేదు. సెప్తే ఆడే దొంగంటారు."

"ఏటన్నాడు?"

"'ఈ ఓడలో అడివి ఉన్నాది నాయినా' అన్నాడు."

పంపు దగ్గర మనుషులు ఇటు తిరిగారు. ముసలాయన గొంతు తగ్గించాడు.

"ఆ ఆఫీసరు కాడ బిళ్ళలున్నాయంట. బిళ్ళల మీద మెకాలున్నాయంట. అయి ఎక్కిన కాడ్నుంచీ ఓడ బాగోనేదంట. వంటోడి మీద మరిగే నూని పడిపోనాదంట. ఒకడు జొరమొచ్చి సచ్చిపోతే నడి సంద్రంలో ఇడిసీసినారంట. ఖాళీ ఓడ గదా, అడుగున గిట్టలు తొక్కినట్టు సప్పుడంట. ఓడ మీదోళ్ళందరూ ఇన్నారంట. 'బిళ్ళల కింద ఇంకేటో ఉన్నాది నాయినా, సూసినాను, సెప్పలేను. నీట్లో ఇడిసిపెడితే గానీ ఊరుకోవు' అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"ఒకలి సొమ్ము ముట్టుకోకురా, ఒడ్డుకొచ్చేయి, ఆలోసిద్దాం అన్నాను. ఆడు తలూపినాడు. అదే సూడ్డం." కాసేపు నీళ్ళకేసి చూశాడు. "ఎనక పక్క ఒకపాలి తడిమి సూడు బాబూ. ఆడు దొంగయితే దొంగని సెప్పు. నీట్లో ఉంటే మాత్తరం ఒగ్గీసి రాకు."

నేను సరేనన్నాను. టోపీ బిగించేముందు పైకి చూస్తే, ఓడ వెనక రెయిలింగు దగ్గర ఒక తెల్ల చొక్కా మనిషి నిలబడి ఉన్నాడు. రెండో ఆఫీసరు. నన్ను చూడలేదు. నేను దిగబోయే నీళ్ళని చూస్తున్నాడు.

దిగాను. చుక్కాని పట్టుకుని ప్రొపెల్లరు దాకా వెళ్ళి తడిమాను. ఓడని కట్టే లావుపాటి మోకు చుట్టుకుందేమో అనుకున్నాను. అది కాదు. సన్నటి తాడు, సామాను దించుకునే రకం. రెక్కకి నాలుగైదు మడతలు చుట్టుకుని, ఒక కొస కిందికి వేలాడుతోంది. ఆ కొస పట్టుకుని అడుగుకి జారాను.

ఆ బెర్తు దగ్గర అడుగు బురద కాదు. ఏళ్ళ తరబడి ఎక్కించేటప్పుడు జారిపడిన ఖనిజం గట్టిగా పేరుకుని కంకర నేలలా ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తుడుస్తుంటే గుండ్రటిది ఏదో తగిలింది. సీసా మూత అనుకున్నాను. కానీ బరువుంది, రూపాయి కంటే పెద్దది. బొటనవేలితో రాశాను. ముక్కు, నుదురు, చెవి. మనిషి తల. తిప్పి రాశాను. సన్నటి పొడుగాటి మెడ, దాని మీద చిన్న తల. పిల్లల పుస్తకాల్లో చూసిన జిరాఫీ.

జాగ్రత్తగా చెప్తున్నాను, అప్పటికి నాకు భయం లేదు. బిళ్ళలు దొరికాయన్న ఉత్సాహమే ఉంది. కాస్త ముందుకి పాకితే ఇంకొకటి దొరికింది. పెద్ద చెవులు, తొండం. ఇంకొంచెం ముందుకి వెళితే ఇంకొకటి. సన్నటి నడుము, పొడుగు తోక, చిరుతలాంటిదేదో. అలా ఎవరో దారి చూపించడానికి విసిరినట్టు ఒకదాని తర్వాత ఒకటి. ఆ నల్లటి నీళ్ళలో ఒక మందలో నడుస్తున్నట్టు అనిపించడం మొదలైంది. టోపీలో నా ఊపిరి నాకే పెద్ద జంతువు ఊపిరిలా వినిపించింది. ఇంకో బిళ్ళ దొరికింది. బలిసిన ఒళ్ళు, పొట్టి కాళ్ళు, ముక్కు మీద ముందొకటి వెనకొకటి రెండు కొమ్ములు. ఖడ్గమృగం. వేలి కింద ఆ కొమ్ము కదిలినట్టయింది. కదిలింది నా వేలేనని నాకు నేను చెప్పుకున్నాను.

దాన్ని నడుముకున్న సంచిలో వేసి మళ్ళీ చెయ్యి చాపాను. ఈసారి బిళ్ళ కాదు.

నా ముంజేయంత పొడుగు. మొదట్లో వెడల్పు, కొసకి సన్నం, కాస్త వంపు. చెక్కేమో అనుకున్నాను. నానిన చెక్క వేలికి మెత్తగా ఉంటుంది. ఇది గోరులా ఉంది, చాలా పెద్ద గోరులా. ఇప్పుడే వేలి కొసన చిన్నదిగా తడిమిన కొమ్ము అరచేతిలో నిజంగా ఉంది. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. చిరిగిన గోనె సంచిలోంచి సగం బయటికొచ్చి పడి ఉన్నాయి. ఈ మృగాలు బిళ్ళల మీంచి దిగి ఇక్కడ పడుకున్నాయన్న పిచ్చి ఆలోచన వచ్చింది నాకు.

అప్పుడు నడుము తాడు ఒకసారి గట్టిగా లాగింది. 'బాగున్నావా?'

ప్రాణం లేచొచ్చింది. నేనూ ఒకసారి లాగాను. 'బాగున్నాను.'

వెంటనే మళ్ళీ లాగింది. మళ్ళీ జవాబిచ్చాను. బావ ఎప్పుడూ అలా వెంట వెంట అడగడు. మూడోసారి లాగింది. అప్పుడు గమనించాను, ఆ లాగు పై నుంచి రావడం లేదు. పక్క నుంచి, ఓడ అడుగు వైపు నుంచి వస్తోంది. మెల్లగా, నన్ను అటు తిప్పుతున్నట్టు. తిరిగాను. తల పైకి చెయ్యి చాచాను. నా అరచేతిలోకి ఒక మనిషి చెయ్యి వచ్చింది.

మణికట్టుకి అదే సన్నటి తాడు ఉచ్చులా బిగుసుకుని ఉంది.

మీలో ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఒకటి చెప్తాను. అలాంటప్పుడు అరవకండి. టోపీలో అరిస్తే ఎవరికీ వినపడదు, మన చెవులే పగులుతాయి. నేను అరిచాను. తర్వాత తాడు ఆపకుండా లాగాను.

పడవ అంచు మీద కూర్చోబెట్టి టోపీ విప్పగానే బావ కేకలేశాడు. "ఏటి బావా! పైనున్నోడిని పట్టుకుని బాగున్నావా, బాగున్నావా అని అడుగుతన్నావు? నాకేటవుద్ది? గుండె ఆగిపోనాది నీ వల్ల!"

"నానడగనేదు. నువ్వే అడిగావు."

"నానొక్కపాలి కూడా లాగనేదు."

పంపు తిప్పేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాడు బావకీ నాకూ మధ్య ఉంది. మా ఇద్దరినీ ఎవరో బాగున్నావా అని అడిగారు. బావ తన చేతిలోని తాడుని కింద పెట్టలేక, పట్టుకోలేక అలా నిలబడిపోయాడు.

నా తాడు ఆ సన్నటి తాడు మీద పడి ఉంటుందని, నీటి కదలికకి రెండూ లాగి ఉంటాయని మా పై అధికారి తర్వాత విడమరిచి చెప్పాడు. అయి ఉండొచ్చు. ఆ వేళ నీళ్ళు కదలనేదని బావ ఆయనతో వాదించాడు.

"పిల్లోడు కిందున్నాడు" అని బావతో మెల్లగా చెప్పాను. జెట్టీ మీద ముసలాయనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. నేను మళ్ళీ దిగాను. తాడు కోసి కుర్రాణ్ణి విడిపించి పైకి పంపాను. తర్వాత చిరిగిన సంచీ, దొరికినన్ని బిళ్ళలు, కొమ్ములు తెచ్చాను. పైకొచ్చేసరికి రెయిలింగు దగ్గర తెల్ల చొక్కా లేదు.

ఏం జరిగిందో తాడే చెప్పింది. సంచీ విసిరేస్తే చప్పుడుకి కాపలావాళ్ళు వస్తారని కుర్రాడు దాన్ని తాడుకి కట్టి మెల్లగా దించబోయాడు. జారిపోకుండా తాడు చేతికి చుట్టుకున్నాడు. బరువుకి తనూ వెళ్ళిపోయాడు. ఈతొచ్చినవాడే. చేతికున్న ఉచ్చు విడలేదు.

ఆ సాయంత్రం జెట్టీ పక్క షెడ్డులో కస్టమ్సు ఇన్‌స్పెక్టరు ఒక టార్పాలిన్ పరిచి అన్నీ దాని మీద పెట్టించాడు. ఒక పక్క తడి ఆరని వెండి నాణేలు, వాటి పక్కనే బూడిద రంగు కొమ్ములు. వెలుతురులో ఆ బిళ్ళలు ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. ఖడ్గమృగం చర్మం మీద ముడతలు కూడా చెక్కారు. ఇన్‌స్పెక్టరు ఒక నాణెం ఎత్తి చూసి, "వీటిని కాపాడండి అని వేసిన బొమ్మ ఇది" అని, దాన్ని మళ్ళీ కొమ్ముల పక్కనే పెట్టేశాడు.

రెండో ఆఫీసర్ని పిలిపించారు. కేసు రాసుకున్న ఎస్సై ఉన్నాడు, మా పై అధికారి ఉన్నాడు. వాంగ్మూలం కోసం నన్నూ బావనీ ఉండమన్నారు. ముసలాయన్ని ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. గుమ్మం పక్కన నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు ఇంగ్లీషులో అడిగాడు. "ఈ నాణేలు మీవేనా?"

ఆయన చూశాడు. నాణేలని చూశాడు, కొమ్ములని చూశాడు. అన్నీ ఒకే సంచిలో దొరికాయని అప్పటికే అందరికీ తెలుసు, నాణేలు తనవంటే దొంగచాటుగా తెచ్చిన ఆ కొమ్ములూ తనవే అవుతాయి. నుదుటి మీద చెమట పట్టింది గానీ మొహం కదల్లేదు.

"కావు."

"వెండి నాణేలు పోయాయని మీరే కదా రాసిచ్చారు?"

"అవి వేరు. ఇవి నావి కావు."

"మరి మీ నాణేల మీద ఏముంది?"

షెడ్డు రేకులు వేడికి చిటపటమంటున్నాయి. "గుర్తులేదు" అన్నాడు.

ముసలాయనకి ఇంగ్లీషు రాదు. బావ దగ్గరికి జరిగి, "ఏటంటన్నాడు?" అని అడిగాడు.

"బిళ్ళలు తనియ్యి కావంటన్నాడు మావా."

ముసలాయనకి అది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత గుమ్మం దాటి లోపలికొచ్చి ఎస్సై ఎదురుగా నిలబడ్డాడు.

"తనియ్యి కావంటే మా వోడు దొంగ కాదు గదా బాబూ?"

ఎస్సై తల దించుకున్నాడు. "కాదు."

"ఆ మాట మా పేటకొచ్చి సెప్పు. పడవలు తిరగేసినప్పుడు అందరూ సూసినారు. ఇదీ ఇనాల."

ఎస్సై వచ్చాడు. అందరి ముందూ చెప్పాడు. అది మాత్రం మెచ్చుకోవాలి.

నాణేలు, కొమ్ములు సర్కారు స్వాధీనమయ్యాయి. వాటికి యజమాని ఎవరో తేలలేదు. రెండో ఆఫీసరు మీద ఏదీ రుజువు కాలేదు, ఆయన అదే ఓడలో వెళ్ళిపోయాడు. ఆ మిగిలిన రోజుల్లో ఓడ మనుషులు ఆయనతో మాట్లాడడం మానేశారని, భోజనం ఆయన గది గుమ్మం బయట పెట్టి పోయేవారని లోడింగు కూలీలు చెప్పారు. గిట్టల చప్పుడు ఆగిందా అని బావ వాళ్ళలో ఒకణ్ణి అడిగాడు. లోపల ఖనిజం నిండింది కదా, ఏ చప్పుడు వినపడుతుంది అన్నాడు వాడు.

ప్రొపెల్లరుకి ఇంకా తాడు మిగిలే ఉంది. కుర్రాడి దహనమైన మర్నాడు నేను మళ్ళీ అక్కడే దిగాలి. రాత్రంతా నిద్ర లేదు. సెలవు పెడదామా అనుకున్నాను. ఇంకొకణ్ణి దింపుతారు, వాడికి పేటలో వీళ్ళ మొహం తెలియదు అనిపించి వెళ్ళాను.

పడవలో ముసలాయన కూర్చుని ఉన్నాడు. మైల మనిషి, బయటికి రాకూడని రోజులు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"తాడు నానట్టుకుంటాను బాబూ" అన్నాడు నాతో. "ఇదే గదా మా వోణ్ణి తెచ్చింది."

నేను బావ వైపు చూశాను. బావ ఎప్పుడూ తన తాడు ఇంకొకరికి ఇచ్చిన మనిషి కాదు. ఆ రోజు కొస ఆయనకిచ్చి, తను వెనక కూర్చుని మిగతా తాడు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నానున్నాను బావా, దిగు" అన్నాడు. నవ్వించలేదు.

దిగాను. అదే నలుపు. రెక్కకి ఉన్న మడతలు ఒక్కొక్కటే కోశాను. ఏ చెయ్యీ తగల్లేదు. ఎవరూ ఏమీ అడగలేదు. అలాంటి నిశ్శబ్దం నీళ్ళలో కూడా నేనెప్పుడూ వినలేదు. ఆఖరి ముక్క ఊడి చేతిలోకొచ్చాక పైకి తియ్యమని లాగబోతూ నడుము తాడు మీద చెయ్యి వేశాను.

తాడు వణుకుతోంది. లాగు కాదది, ఏ మాటా కాదు. సన్నగా, తెరలు తెరలుగా, ఆగి ఆగి వస్తోంది. పేటలో, షెడ్డులో, చితి దగ్గర ఒక్క చుక్క కార్చని మనిషి పైన పడవలో నా తాడు రెండు చేతులా పట్టుకుని ఏడుస్తున్నాడు. అది నా అరచేతిలోకి దిగుతోంది.

పని అయిపోయింది, పైకి పోవచ్చు. చేతిలో తాడు పట్టుకుని, ఆయన ఏడుపు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.